ఆధార్, వేలిముద్ర, ఫోన్ నంబర్: పర్లాకిమిడిలో మా షాపుకొచ్చేవాళ్ళు రోజూ అడిగే ప్రశ్నలు

మాది పర్లాకిమిడిలో జెరాక్స్, ఆన్‌లైన్ పనులు చేసే చిన్న షాపు. ఊరు ఒడిశాలో గజపతి జిల్లా, పక్కనే ఉన్న పాతపట్నం ఏమో శ్రీకాకుళం జిల్లా, అందుకని మా కౌంటర్ దగ్గర తెలుగు, ఒడియా రెండూ కలిసే నడుస్తాయి. ఆధార్, పాన్, రేషన్, సుభద్ర (ఒడిశా ప్రభుత్వం ఆడవాళ్ళకి డబ్బులిచ్చే పథకం), పెన్షన్, స్కాలర్‌షిప్, అన్నింటికీ మా దగ్గరికే వస్తారు, వచ్చి కాగితాలు ఇస్తూ "బాబూ, ఇది ఎక్కడికీ పోదు కదా" అని అడుగుతారు.

మొన్న సంక్రాంతికి ముందు బస్టాండ్ దగ్గర బజ్జీలు కొన్నాను. చుట్టిచ్చిన కాగితం విప్పితే అది ఎవరిదో లోన్ అప్లికేషన్ జెరాక్స్. ఒకావిడ ఫొటో, తండ్రి పేరు, పాన్ నంబర్, కింద సంతకం. నూనె మరక మీద కూడా ఆ నంబర్ చక్కగా చదవొచ్చు. ఆవిడెవరో నాకు తెలీదు, తన కాగితం ఇలా తిరుగుతోందని ఆవిడకీ తెలీదు. చింపి పారేశాను గానీ ఆ రోజంతా మనసు బాగాలేదు, ఎందుకంటే అలాంటి కాగితాలు పొద్దున్నుంచీ రాత్రి దాకా తీసేది నేనే కదా. డేటా దొంగతనం అంటే ఎక్కడో చీకటి గదిలో హ్యాకర్ కూర్చుని చేసే పని అనుకుంటాం, నేను చూసినంతలో ఎక్కువ పోయేది మన కౌంటర్ల దగ్గరే, మన చేతుల మీదుగానే. అందుకే అడిగినవాళ్ళకి నోటితో చెప్పేవన్నీ ఇక్కడ రాసి పెడుతున్నా.

నా ఆధార్ నంబర్ ఎవుడికైనా తెలిస్తే బ్యాంకులో డబ్బులు పోతాయా?

నంబర్ ఒక్కటే తెలిస్తే పోవు. కానీ ఆధార్ నంబర్, ఏ బ్యాంకులో ఖాతా ఉందో ఆ పేరు, వేలిముద్ర, ఈ మూడూ కలిస్తే పోతాయి. పల్లెల్లో చిన్న మెషీన్ పెట్టుకుని వేలు పెట్టించుకుని డబ్బులిచ్చేవాళ్ళుంటారు చూడండి, దాన్ని ఏఈపీఎస్ అంటారు. అందులో ఓటీపీ ఉండదు, పిన్ ఉండదు, ఏటీఎం కార్డూ అక్కర్లేదు. ముసలివాళ్ళకి బ్యాంకు దాకా వెళ్ళే బాధ లేకుండా మంచి ఉద్దేశంతోనే పెట్టారు, కానీ వేలిముద్ర అనేది పాస్‌వర్డ్ లాగ మార్చుకునేది కాదు కదా, ఒకసారి పోయిందంటే జన్మంతా పోయినట్టే. భూమి రిజిస్ట్రేషన్ కాగితాల మీద వేసిన ముద్రల నుంచి రబ్బరు వేళ్ళు తయారు చేసి డబ్బులు లాగిన ముఠాలు పోలీసులకి దొరికాయి కూడా.

మా పిన్నిదే చెప్తాను. కాశీనగర్ వైపు పల్లె. పెన్షన్ డబ్బులు, జీడిపిక్కలు అమ్మిన డబ్బులు ఖాతాలో వేసుకుని మనవరాలి పెళ్ళికని దాస్తోంది. ఒకరోజు పాస్‌బుక్ ప్రింట్ వేయిస్తే రెండు లైన్లు కనబడ్డాయి, పదివేలు ఒకటి, మర్నాడు ఇంకో పదివేలు, పక్కన ఇంగ్లీషులో ఏఈపీఎస్ అని. అప్పటికి రెండు నెలలైపోయింది. ఎస్సెమ్మెస్ ఎందుకు రాలేదంటే బ్యాంకులో ఉన్నది చనిపోయిన మా చిన్నాన్న పాత నంబర్, అది ఎప్పుడో ఆగిపోయింది. బ్యాంకులో అడిగితే "మీ వేలే కదమ్మా పెట్టారు" అన్నారు. పిన్ని ఆ కౌంటర్ ముందు తన బొటనవేలు తనే తిప్పి తిప్పి చూసుకుంది, నేనెప్పుడు పెట్టాను రా అని. ఆ సీను నాకు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది.

రాతపూర్వకంగా కంప్లెయింట్ ఇచ్చాం, 30 రోజులు చూశాం, జవాబు లేదు, అప్పుడు బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్లో పెట్టాం, దానికి పైసా ఖర్చు లేదు, 14448కి ఫోన్ చేసి కూడా అడగొచ్చు. ఐదు నెలలకి డబ్బు తిరిగొచ్చింది. అందరికీ వస్తుందని చెప్పలేను, కానీ అడగనివాళ్ళకి మాత్రం రాదు.

కాబట్టి ముందు చెయ్యాల్సిన పని రెండే. బ్యాంకులో ఇప్పుడు వాడే నంబర్ ఉందో లేదో చూసుకోండి. తర్వాత బయోమెట్రిక్ లాక్ చేసుకోండి.

లాక్ చేస్తే మరి రేషన్ ఎలాగ? ఎరువుల బస్తా ఎలాగ?

ఈ ప్రశ్న అడిగేది ఎక్కువగా ఆడవాళ్ళూ రైతులూనే, సరైన ప్రశ్నే. లాక్ చేస్తే వేలు, కన్ను, ముఖం ఏదీ ఆధార్‌తో పనిచెయ్యదు. రేషన్ డీలర్ దగ్గర మెషీన్ ఒప్పుకోదు, ఎరువుల షాపులోనూ అంతే, సుభద్ర ఈకేవైసీ ముఖంతో చేసేటప్పుడూ అంతే. అందుకే తాత్కాలికంగా తెరిచే ఏర్పాటు ఉంది, ఆధార్ సైట్‌లో గానీ యాప్‌లో గానీ అన్‌లాక్ కొడితే పది నిమిషాలు తెరుచుకుని మళ్ళీ దానంతటదే మూసుకుంటుంది. డీలర్ షాపు దగ్గర క్యూలో మీ ముందు ఇద్దరు ముగ్గురు ఉండగా తెరవండి, ఇంటి దగ్గర తెరిచి బయల్దేరితే దారిలోనే టైమ్ అయిపోతుంది.

స్మార్ట్‌ఫోన్ లేని ముసలివాళ్ళకి ఇది కష్టమే, కాదనను. వాళ్ళకి నేను చెప్పేది వేరే: వేలు పెట్టే ప్రతిచోటా రసీదు అడగండి, "సర్వర్ రాలేదు మళ్ళీ పెట్టండి" అంటే వెంటనే పెట్టొద్దు, ముందు మెషీన్ తెరమీద ఏం వచ్చిందో ఎవరితోనైనా చదివించండి, మనవడున్నా కండక్టరున్నా ఎవరైనా సరే. నెలకోసారి పాస్‌బుక్ ప్రింట్ వేయించండి.

ఇంకోటి, మీ ఆధార్ ఎక్కడెక్కడ వాడారో చూసే హిస్టరీ కూడా ఆధార్ సైట్‌లో ఉంటుంది. చాలామందికి తెలీదు. అర్థం కాకపోతే 1947కి ఫోన్ చెయ్యండి, తెలుగులో మాట్లాడొచ్చు.

ఆధార్ జెరాక్స్ అడిగిన చోటల్లా ఇచ్చీడమేనా?

ఇవ్వక తప్పని చోట్లు కొన్ని, అలవాటు కొద్దీ అడిగే చోట్లు చాలా. లాడ్జిలో రూమ్‌కి, కొరియర్‌కి, చిట్‌ఫండ్‌కి, ఇంటద్దెకి, ఆఖరికి క్రికెట్ టోర్నమెంట్ ఎంట్రీకి కూడా ఆధార్ అడుగుతున్నారు. గుర్తింపు చూపించమంటే డ్రైవింగ్ లైసెన్స్, ఓటరు కార్డు చూపించొచ్చు. ఆధారే కావాలంటే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి, అందులో మొదటి ఎనిమిది అంకెలూ కనబడవు, చివరి నాలుగే ఉంటాయి, ఫొటో, పేరు, చిరునామా మామూలుగానే ఉంటాయి. డౌన్‌లోడ్ చేసేటప్పుడు ఒక గడిలో టిక్ పెడితే చాలు, షాపువాడు పెట్టకపోతే మీరే అడగండి.

2022 మే నెలాఖరులో ఆధార్ సంస్థ బెంగళూరు ఆఫీసు ఒక ప్రకటన ఇచ్చింది, జెరాక్సులు ఎవరికి పడితే వాళ్ళకి ఇవ్వొద్దు, మాస్క్‌డ్ ఇవ్వండి అని. జనం కంగారు పడ్డారు, రెండు రోజుల్లో దాన్ని వెనక్కి తీసుకుని "మామూలు జాగ్రత్త చాలు" అన్నారు. నా మటుకు నాకు ఆ మొదట చెప్పిందే సరైన మాట అనిపించింది.

జెరాక్స్ ఇవ్వక తప్పకపోతే దానిమీద అడ్డంగా, ఫొటోకి కొంచెం తగిలేలాగ, పెన్నుతో రాయండి: ఎందుకోసం ఇస్తున్నారో, ఏ తేదీనో, సంతకం. "గ్యాస్ కనెక్షన్ కోసం మాత్రమే, ఫలానా తేదీ" అని. ఆ కాపీతో ఇంకో చోట సిమ్ తియ్యాలన్నా లోన్ పెట్టాలన్నా ఎవడికైనా కష్టం. తెలుగులో రాసినా ఒడియాలో రాసినా ఫర్వాలేదు, అంకెలు నరికెయ్యకుండా రాస్తే చాలు.

ఈ-ఆధార్ పీడీఎఫ్‌కి పాస్‌వర్డ్ ఉంది కదా భయమేంటి అంటారు కొంతమంది. ఆ పాస్‌వర్డ్ మీ పేరులో మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, పుట్టిన సంవత్సరం. మీ పేరు, వయసు తెలిసినవాళ్ళెవరైనా తెరవగలరు, కాబట్టి దాని మీద భరోసా పెట్టుకోకండి.

ఆధార్‌కి ఏ ఫోన్ నంబర్ లింక్ అయ్యుందో నాకే తెలీదు, ఏటి చెయ్యాలి?

ఇది మన సరిహద్దులో పెద్ద సమస్య. ఎందుకంటే మన పేర్లు. తెలుగువాళ్ళకి ఇంటిపేరు ముందు, ఒడియా పద్ధతిలో వెనక. అమ్మాయి పాతపట్నంలోనో టెక్కలిలోనో పుడుతుంది, అక్కడ రేషన్ కార్డులో ఒక స్పెల్లింగు, ఇక్కడ పెళ్ళయి వచ్చాక ఒడియా నుంచి ఇంగ్లీషులోకి మారి ఇంకో స్పెల్లింగు, బ్యాంకులో మూడోది. ఏదో పథకం దగ్గర మిస్‌మ్యాచ్ అని ఆగిపోతుంది. అప్పుడు "నేను సరిచేయిస్తా" అని ఒకడు తయారవుతాడు, వాడికి ఆధార్, పాస్‌బుక్, ఫొటో, ఫోన్‌కొచ్చిన ఓటీపీ అన్నీ చేతిలో పెట్టేస్తారు. వాడు పనిలో పనిగా తన నంబరే లింక్ చేసేస్తే ఇక ఓటీపీలన్నీ వాడికే వెళ్తాయి.

ఆధార్ సైట్‌లో నంబర్ వెరిఫై చేసుకునే చోటు ఉంది, మీ ఆధార్ నంబరూ మీ ఫోన్ నంబరూ కొడితే లింక్ ఉందా లేదా చెప్తుంది. లేకపోతే ఆధార్ సెంటర్‌కి మీరే వెళ్ళి మార్చుకోండి, 2025 అక్టోబర్ నుంచి ఈ అప్‌డేట్‌కి ఫీజు 75 రూపాయలు. అంతకంటే ఎక్కువ అడిగితే రసీదు అడగండి. ఏజెంట్‌కి ఐదువందలిచ్చి మీ తాళం చెవి కూడా ఇచ్చి రావద్దు.

నా పేరు మీద ఇంకెవరైనా సిమ్ తీశారేమో అని డౌటు

సంచార్ సాథీ అని కేంద్ర టెలికాం శాఖ సైటు ఉంది, 2023 మేలో వచ్చింది, యాప్ కూడా ఉంది. మీ నంబర్ కొట్టి ఓటీపీ ఇస్తే మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు నడుస్తున్నాయో లిస్టు వస్తుంది. మీది కానిది ఉంటే "నా నంబర్ కాదు" అని కొట్టొచ్చు. ఒక మనిషి పేరు మీద దేశంలో చాలాచోట్ల 9 సిమ్‌ల దాకా ఉండొచ్చు, అందుకే తొమ్మిదో పదో నంబర్ దాకా వెళ్ళేవరకూ ఎవరికీ అనుమానం రాదు. మా షాపులో ఒక కూరగాయల అప్పకి చూస్తే ఆరు వచ్చాయి, ఆవిడకి ఉన్నది ఒక్క బటన్ ఫోన్. సంతలో గొడుగు కింద టేబుల్ వేసుకుని ఫ్రీ సిమ్ అని ఇచ్చేవాడి దగ్గర "మొదటిసారి సరిగ్గా పడలేదు" అని మూడుసార్లు వేలు పెట్టించుకున్నాడట. వేలు పెట్టిన ప్రతిసారీ ఒక సిమ్ అయ్యుండాలి.

ఫోన్ పోతే బ్లాక్ చేయించుకోడానికి కూడా ఆ సైటే.

సుభద్ర డబ్బులు ఆగిపోయాయి, లింక్ నొక్కి వివరాలు ఇవ్వండి అని మెసేజ్ వచ్చింది, నొక్కమంటారా?

వద్దు. సుభద్ర 2024 సెప్టెంబర్ 17న మొదలైంది, 21 నుంచి 60 ఏళ్ళ ఆడవాళ్ళకి ఏడాదికి పదివేలు, ఐదువేల చొప్పున రెండుసార్లు, ఐదేళ్ళలో యాభైవేలు. రాఖీ పౌర్ణమి, మార్చి 8 మహిళా దినోత్సవం దగ్గరపడుతుంటే ఈ దొంగ మెసేజ్‌లు వాన పురుగుల్లాగ లేస్తాయి. డబ్బు నేరుగా ఆధార్ లింక్ అయిన ఖాతాలో పడుతుంది, దానికి మీ యూపీఐ పిన్ ఎవరికీ అక్కర్లేదు. స్టేటస్ తెలియాలంటే అంగన్‌వాడీ దీదీని అడగండి, మో సేవా కేంద్రంలో అడగండి, పంచాయతీ ఆఫీసులో లిస్టు చూడండి. ఒక్క విషయం గట్టిగా గుర్తుంచుకోండి: డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ కొట్టక్కర్లేదు, పిన్ కొట్టారంటే డబ్బు మీ దగ్గర్నుంచి వెళ్తోందనే అర్థం.

పెళ్ళి కార్డు అని వాట్సాప్‌లో ఫైల్ వచ్చింది, తెలిసినవాళ్ళ నంబర్ నుంచే వచ్చింది మరి?

తెలిసినవాళ్ళ ఫోన్ ముందే పట్టేసి వాళ్ళ పేరుతో పంపిస్తారు, అందులోనే మోసం ఉంది. ఫైల్ పేరు చివర ఏపీకే అని ఉంటే అది కార్డు కాదు, యాప్. ఇన్‌స్టాల్ చేస్తే మీకొచ్చే మెసేజ్‌లన్నీ వాడు చదువుతాడు, ఓటీపీలు కూడా. బండి చలాన్ అని, పీఎం కిసాన్ అని, కరెంటు బిల్లు అని ఇదే ఫైల్ వేరే వేరే పేర్లతో తిరుగుతోంది. పెళ్ళిళ్ళ సీజన్లో ఒకసారి ఫోన్ చేసి "పిన్నీ, కార్డు నువ్వే పంపావా" అని అడగండి, ఎవరూ ఏమీ అనుకోరు.

పొరపాటున నొక్కేశారా, ముందు డేటా ఆపెయ్యండి, ఇంకో ఫోన్ నుంచి బ్యాంకుకి చెప్పండి, తర్వాత ఆ యాప్ తీయించండి. వాట్సాప్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్ ఆరంకెల పిన్ ఈరోజే పెట్టుకోండి, లింక్డ్ డివైజెస్‌లో తెలియని కంప్యూటర్ ఉంటే లాగౌట్ కొట్టండి.

లోన్ యాప్‌లో ఐదువేలు తీసుకున్నాను, ఇప్పుడు మా చుట్టాలందరికీ ఫోన్లు చేసి తిడుతున్నారు

ఈ ప్రశ్న ఎవరూ గట్టిగా అడగరు. షాపు మూసే టైమ్‌కి వస్తారు, పక్కన ఎవరూ లేకుండా చూసుకుని ఫోన్ తీసి చూపిస్తారు. ఒక కుర్రాడు, ఐటీఐ చదువుతున్నాడు, అయిదువేలకి అప్లై చేస్తే చేతికి మూడువేల చిల్లర వచ్చింది, వారం తిరక్కుండా ఆరువేలు కట్టమన్నారు. కట్టినా ఆగలేదు. వాడి కాంటాక్టులన్నీ యాప్ ముందే లాగేసింది, ఇక వాళ్ళ మేనత్తకి, మాస్టారికి, ఫ్రెండ్ చెల్లెలికి కూడా వాడి ఫొటో పెట్టి "దొంగ" అని పంపారు. వాడు నా ముందు కూర్చుని "నాన్నకి తెలిస్తే నేనుండను అన్నియ్యా" అన్నాడు. ఆ మాట విన్నాక నాకు డబ్బు సంగతి గుర్తు రాలేదు. ఆ రాత్రే వాణ్ణి ఇంటికి తీసుకెళ్ళి వాళ్ళ నాన్నతో నేనే చెప్పాను. ఆయన తిట్టలేదు, కొడుకు తల నిమిరాడు. మీ పిల్లలు ఇలా ఉంటే ముందు వాళ్ళని దగ్గరకి తీసుకోండి, మిగతావి రేపు చూసుకోవచ్చు.

ఇప్పుడు రూల్ సంగతి. 2022 సెప్టెంబర్ నుంచి ఉన్న రిజర్వ్ బ్యాంక్ రూల్స్ ప్రకారం లోన్ యాప్ మీ కాంటాక్టులు, ఫొటోలు, కాల్ లిస్టు ముట్టుకోకూడదు. కెమెరా, లొకేషన్ లాంటివి ఒకసారి కేవైసీ కోసం మీరు ఒప్పుకుంటేనే. డబ్బు నేరుగా మీ ఖాతాలోకే రావాలి. 2023 మే 31 నుంచి గూగుల్ ప్లే స్టోర్ కూడా లోన్ యాప్‌లు కాంటాక్టులు, ఫొటోలు తీసుకోకూడదని రూల్ పెట్టింది. అంటే కాంటాక్టులు అడిగిందంటే అది రూల్ తప్పిన యాపే, పర్మిషన్ ఇవ్వొద్దు. బ్యాంకులు వాడుకుంటున్న యాప్‌ల లిస్టు 2025 జులై నుంచి రిజర్వ్ బ్యాంక్ సైట్‌లో ఉంది, తీసుకునే ముందు అందులో పేరు వెతకండి.

ఇంకా కట్టమంటే కట్టొద్దు, కట్టిన కొద్దీ అడుగుతారు. స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. మీ కాంటాక్టులందరికీ మీరే ముందుగా ఒక మెసేజ్ పెట్టండి, నా ఫోన్ డేటా పోయింది, నా పేరుతో ఏమొచ్చినా నమ్మొద్దు అని. వాళ్ళ ఆయుధం సిగ్గు ఒక్కటే, మీరే బయట పెట్టేస్తే దానికి పదును పోతుంది. తర్వాత సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి.

ఏడాదికోసారి సిబిల్ రిపోర్టు ఫ్రీగా వస్తుంది, ఒక్కొక్క క్రెడిట్ కంపెనీ ఒకటి ఇవ్వాలి, అందులో మీరు తీసుకోని లోన్ మీ పాన్ మీద ఉందేమో చూసుకోండి.

ఖాతా, ఏటీఎం కార్డు ఒక నెల ఇస్తే పదివేలు ఇస్తామంటున్నారు, తప్పా?

తప్పే, జైలు కూడా. దోచిన డబ్బు ముందు మీ ఖాతాలోకే వస్తుంది, పోలీసులు ముందు మీ ఇంటికే వస్తారు. సూరత్, హైదరాబాద్, విశాఖ పనికి వెళ్ళే మన కుర్రాళ్ళనే ఎక్కువ అడుగుతున్నారు. ఇవ్వకండి.

మా అమ్మాయి ఫొటో మార్చి పంపించి డబ్బులు అడుగుతున్నారు

ముందు ఆ అమ్మాయిని ఒక్క మాట కూడా అనకండి. ఫోన్ లాక్కోకండి, చదువు మాన్పించకండి. తప్పు చేసింది పంపినవాడు. డబ్బు కట్టొద్దు, చాట్ డిలీట్ చెయ్యొద్దు, సాక్ష్యం అదే. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఆడవాళ్ళకి, పిల్లలకి సంబంధించిన కంప్లెయింట్ పేరు చెప్పకుండా కూడా పెట్టొచ్చు. ఐటీ చట్టంలో 66ఇ, 67, 67ఎ సెక్షన్లు ఇలాంటి వాటికే. స్టాప్ ఎన్‌సీఐఐ అని ఒక సైటు ఉంది, 18 దాటినవాళ్ళకి, అందులో ఫొటో అప్‌లోడ్ చెయ్యక్కర్లేదు, మీ ఫోన్లోనే దానికో గుర్తు తయారై ఆ గుర్తు మాత్రమే వెళ్తుంది, దాన్ని బట్టి ఫేస్‌బుక్, ఇన్‌స్టా లాంటివి ఆ ఫొటోని ఆపుతాయి.

పోలీసు డ్రెస్సులో వీడియో కాల్ చేసి నా ఆధార్ మీద డ్రగ్స్ పార్సిల్ దొరికిందన్నాడు, నా ఆధార్ నంబర్ కూడా కరెక్టుగా చెప్పాడు

నంబర్ కరెక్టుగా చెప్పాడు కాబట్టి నిజం అనుకుంటారు, కానీ నంబర్ ఎక్కడెక్కడ తిరుగుతోందో పైన చెప్పాను కదా. డిజిటల్ అరెస్ట్ అనేది చట్టంలోనే లేదు, 2024 అక్టోబర్ 27న మన్ కీ బాత్‌లో ప్రధాని మోదీ కూడా ఇదే చెప్పారు. కాల్ కట్ చేసి పక్కింటివాళ్ళని పిలవండి. ఒంటరిగా గదిలో కూర్చోబెట్టి ఎవరితోనూ మాట్లాడొద్దు అంటారు, అక్కడే వాళ్ళ బలం అంతా, రిటైరైన మాస్టార్లు కూడా అక్కడే పడిపోతున్నారు.

బట్టల షాపులో బిల్లుకి ఫోన్ నంబర్ తప్పనిసరి అంటున్నారు?

తప్పనిసరి కాదు. 2023లో కేంద్ర వినియోగదారుల శాఖ షాపులకి చెప్పింది, నంబర్ ఇవ్వలేదని బిల్లు ఇవ్వకపోవడం కుదరదని. "నంబర్ లేకుండా బిల్లు వెయ్యండి" అని మామూలుగా అనండి, వేస్తారు. ప్రకటనల కాల్స్ ఎక్కువైతే 1909కి ఫోన్ చేసి డీఎన్‌డీ, అంటే ఇలాంటి కాల్స్ నాకొద్దు అని, పెట్టండి.

డబ్బు పోయింది. పోయింది పాతపట్నంలో, ఖాతా ఇక్కడ, ఫోన్ చేసినవాడెక్కడో. ఏ స్టేషన్‌కెళ్ళాలి?

ముందు ఏ స్టేషన్‌కీ వెళ్ళొద్దు, ముందు 1930. నడుస్తూనే కొట్టండి. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకి నిమిషాల్లో వెళ్ళిపోతుంది, మధ్యలో ఎక్కడైనా ఆపగలిగితే ఆపుతారు. తేదీ, టైమ్, ఎంత, మీ ఖాతా నంబర్, మెసేజ్‌లో ఉన్న 12 అంకెల యూపీఐ రిఫరెన్స్ నంబర్, ఇవి దగ్గర పెట్టుకోండి. లైన్ కలవకపోతే సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ పోర్టల్‌లో పెట్టండి, బ్యాంకుకి కూడా వెంటనే చెప్పండి, కంప్లెయింట్ నంబర్ తీసుకోండి.

2017 జులైలో రిజర్వ్ బ్యాంక్ తెచ్చిన రూల్ ఒకటుంది, తప్పు మీదీ బ్యాంకుదీ కాకుండా వేరేచోట జరిగితే, బ్యాంకు నుంచి మీకు సమాచారం అందిన మూడు పని దినాల్లోపు మీరు చెప్తే నష్టం మీ మీద పడదు. నాలుగు నుంచి ఏడు పని దినాలైతే కొంత మీది. మీరే ఓటీపీ చెప్పేసుంటే మాత్రం, బ్యాంకుకి చెప్పేదాకా పోయింది మీ ఖాతాలోదే, చెప్పాక పోయింది బ్యాంకుది. అందుకే ఓటీపీ చెప్పేశాను నాదే తప్పు అని ఊరుకోకండి, చెప్పిన నిమిషం నుంచి లెక్క మారుతుంది.

స్టేషన్ సంగతి: 2024 జులై 1 నుంచి వచ్చిన బీఎన్ఎస్ఎస్ అనే కొత్త క్రిమినల్ చట్టం 173 సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా మీకు దగ్గరున్న స్టేషన్లో తీసుకోవాలి, జీరో ఎఫ్ఐఆర్ అంటారు. "అది ఆంధ్రా, మాది కాదు" అంటే ఈ మాట మర్యాదగా చెప్పండి. ఇక్కడ స్టేషన్లో మాట్లాడ్డానికి తెలుగుతో ఇబ్బంది లేదు, రాతే ఇబ్బంది, ఒడియాలో గానీ ఇంగ్లీషులో గానీ రాయించుకుని రెండు కాపీలు తీసుకెళ్ళండి, ఒకదాని మీద ముద్ర వేయించుకోండి. ఆ అర్జీ రాసిపెట్టడానికి మా షాపులో డబ్బులు తీసుకోం.

ఇంతకీ మన డేటాకి చట్టం అంటూ ఉందా?

ఉంది. కర్ణాటక హైకోర్టు రిటైర్డ్ జడ్జి కె.ఎస్. పుట్టస్వామి 2012లో ఆధార్ మీద సుప్రీంకోర్టుకి వెళ్ళారు, ఆ కేసులోనే 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది జడ్జీలూ ఒకే మాటగా గోప్యత ప్రాథమిక హక్కు అన్నారు. 2018 సెప్టెంబర్ 26 తీర్పులో బ్యాంకు ఖాతాకీ సిమ్‌కీ ఆధార్ తప్పనిసరి కాదన్నారు, స్కూల్ అడ్మిషన్‌కి కూడా. తర్వాత 2023 ఆగస్టులో డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం వచ్చింది, దాని రూల్స్ 2025 నవంబర్‌లో వచ్చాయి, కంపెనీల మీద ముఖ్యమైన బాధ్యతలు అమల్లోకి రావడానికి పద్దెనిమిది నెలల గడువు ఇచ్చారు. అవి అమల్లోకి వచ్చాక డేటా ఎందుకు తీసుకుంటున్నారో మీకు అర్థమయ్యే భాషలో చెప్పాలి, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్ లిస్టులోని భాషల్లో, తెలుగూ ఒడియా కూడా అందులో ఉన్నవే. ఇచ్చిన ఒప్పుదల వెనక్కి తీసుకోవచ్చు, డేటా తీసెయ్యమనొచ్చు, లీకైతే మీకు చెప్పాలి. 18 లోపు పిల్లల విషయంలో తల్లిదండ్రుల ఒప్పుదల కావాలి. జరిమానా 250 కోట్ల దాకా.

కానీ నాకు ఒక బాధ ఉంది. ఆ జరిమానా ప్రభుత్వ ఖజానాకి వెళ్తుంది, నష్టపోయిన మనిషికి కాదు. ఐటీ చట్టంలో పరిహారం అడగడానికి 43ఎ అని ఒక సెక్షన్ ఉంది, దాన్ని తీసెయ్యాలని ఈ కొత్త చట్టంలోనే రాశారు. ప్రభుత్వ సంస్థలకి మినహాయింపులూ ఎక్కువే. మా పిన్ని లాంటావిడ డేటా ఎక్కడో లీకైతే కంపెనీ కోట్లు కట్టినా ఆవిడ చేతికి రూపాయి రాదు. ఇది మారాలి, మన ఎంపీలు అడగాలి, ఓట్లకొచ్చినప్పుడు మనం వాళ్ళని అడగాలి.

మరి మీ షాపులో మా కాగితాలు ఏం చేస్తారు?

అడగాల్సిన ప్రశ్న ఇదే, అడిగేవాళ్ళే తక్కువ. నిజం చెప్తాను. ఆ బజ్జీల కాగితం చూసిన మర్నాడు పొద్దున్నే మా కంప్యూటర్ డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిచాను. కిందకి జరుపుతూ పోతుంటే అయిపోలేదు. ఈ-ఆధార్‌లు, పాన్‌లు, పదో తరగతి మార్కుల లిస్టులు, ఎవరిదో ఆపరేషన్ రిపోర్టు, ఒక పాప పుట్టిన సర్టిఫికెట్, మూడేళ్ళవి. ఇద్దరు కస్టమర్ల వాట్సాప్ ఇంకా బ్రౌజర్లో తెరిచే ఉంది, ప్రింట్ కోసం లాగిన్ అయ్యి వెళ్ళిపోయారు. నేను చెడ్డ ఉద్దేశంతో ఉంచలేదు, కానీ షాపుకి రాత్రి దొంగ పడినా, పనికి పెట్టుకున్న కుర్రాడికి దుర్బుద్ధి పుట్టినా, ఊళ్ళో సగం మంది బతుకు అందులో ఉంది.

ఇప్పుడు రోజూ షట్టర్ దించే ముందు ఆ ఫోల్డరూ రీసైకిల్ బిన్నూ రెండూ ఖాళీ చేస్తున్నా. తప్పుగా వచ్చిన జెరాక్సులు వేస్ట్ పేపర్‌కి అమ్మట్లేదు, చింపి కాల్చేస్తున్నా. మా షాపనే కాదు, ఏ షాపుకి వెళ్ళినా పని అయ్యాక కదలకుండా నిలబడి "నా ఫైల్ తీసెయ్యండి, రీసైకిల్ బిన్ కూడా" అనండి. నేనైతే మానిటర్ మీ వైపు తిప్పి మీ ముందే తీసేస్తాను. తిప్పకపోతే మీరే చెయ్యి పెట్టి తిప్పండి, నేనేమీ అనుకోను.